కొత్త కోడలు గుడ్ ఫ్రైడే రోజు ఏడ్చింది, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్లింది

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. మేం హిందువులం. మా అబ్బాయి క్రైస్తవుల అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. అమ్మాయి మంచిది, నన్ను సొంత తల్లిలా చూసుకుంటుంది. పెళ్లికి ఏడాది ముందే వాళ్ల నాన్న పోయారు. పెళ్లయ్యాక వచ్చిన మొదటి గుడ్ ఫ్రైడే ఇదే. ఆ రోజు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, తెల్లచీర కట్టుకుంది. కొత్త కోడలు తెల్లచీరలో కనిపించేసరికి నా మనసు పాడైపోయింది. పైకి ఏమీ అనలేదు. రమ్మంటే చర్చికి కూడా వెళ్లాను. పన్నెండు నుంచి మూడు దాకా ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. 'నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు' అనే మాట దగ్గర మా కోడలు వెక్కివెక్కి ఏడ్చింది. ఎలా ఓదార్చాలో తెలియలేదు. పొద్దున్నే వియ్యపురాలికి 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' అని మెసేజ్ పెట్టాను, ఆవిడ జవాబివ్వలేదు. తప్పు చేశానా? ఈస్టర్ రోజు నాలుగింటికే లేచి వాళ్ల నాన్న సమాధి దగ్గరికి వెళ్లింది. పండగ పూట శ్మశానమేమిటి? యేసు దేవుడైతే, చంపుతారని ముందే తెలిస్తే, ఎందుకు తప్పించుకోలేదు? దేవుడే దేవుణ్ని ఎందుకు విడిచావని అడగడమేమిటి? శుక్రవారం పోయి ఆదివారం లేస్తే మూడు రోజులెలా అవుతాయి? యూదులే చంపారని పక్కింటాయన అంటాడు, నిజమేనా? వచ్చే ఏడాది కూడా వెళ్తే చర్చిలో నేను ఎలా ఉండాలి? కోడల్నే అడుగుదామంటే నొచ్చుకుంటుందేమోనని టెన్షన్.
– ఒక అత్తగారు

సమాధానం: అమ్మా,

ముందు తెల్లచీర సంగతి చెప్పేస్తాను, మీ మనసు కుదుటపడుతుంది. చర్చికి వెళ్లే మన ఆడవాళ్లు తెల్లచీర కట్టడం మామూలే. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఉన్న ఆదివారాలు కడతారు, గుడ్ ఫ్రైడేకి కడతారు, ఈస్టర్‌కి కడతారు, చాలామంది పెళ్లికూతుళ్లు పెళ్లికి కూడా అదే కడతారు. మీరు భయపడ్డ అర్థం ఆ అమ్మాయి తలపులోకే వచ్చి ఉండదు. ఉపవాసమూ అంతే, మూడు గంటలకు ఆరాధన అయ్యాక తింటారు. మెసేజ్ గురించి మథనపడకండి. శుక్రవారం ఎవరూ ఎవరికీ 'హ్యాపీ' అని చెప్పుకోరు, ఆ మాట ఆదివారానికి ఉంచుకుంటారు. అయినా మీ మనసు ఆవిడకు తెలియకపోదు. కొందరు ఆ రోజు ఫోన్ ముట్టుకోరు కూడా.

ఇక మీ పెద్ద ప్రశ్న. ఎందుకు తప్పించుకోలేదు? దీనికి జవాబు దొరికితే మిగతావన్నీ వాటంతటవే తేలికవుతాయి. నేను లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, ఈ కథ చిన్నప్పటి నుంచీ విన్నాను. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది గుడ్ ఫ్రైడేకి ముందు, యేసు పట్టుబడ్డ గురువారం రాత్రి.

యెరూషలేము కొండ మీది ఊరు. ఊరికి తూర్పున కిద్రోను లోయ. లోయ దాటితే ఒలీవల కొండ, దాని మొదట్లోనే గెత్సేమనే తోట. కొండ ఎక్కి అవతలికి దిగితే బేతనియ అనే పల్లె, ఊరి నుంచి మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. అక్కడ యేసుకి ప్రాణస్నేహితులున్నారు. బేతనియ దాటితే యెరికో అనే ఊరి దాకా ఎడారే. వెయ్యేళ్ల ముందు దావీదు రాజు మీద కన్నకొడుకు అబ్షాలోము తిరగబడినప్పుడు, దావీదు సరిగ్గా ఈ కిద్రోనే దాటి, ఏడుస్తూ ఈ కొండే ఎక్కి, ఎడారి వైపు పారిపోయి ప్రాణం దక్కించుకున్నాడు. యూదుల పిల్లలందరికీ తెలిసిన కథ అది.

అప్పుడు యూదుల పస్కా పండగ, అది పౌర్ణమికి వస్తుంది. అంటే ఆ రాత్రి ఆకాశంలో నిండు చంద్రుడు. యేసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు వెంటబెట్టుకుని వచ్చిన గుంపు దివిటీలు, కత్తులు పట్టుకుని లోయలోకి దిగుతుంటే ఈ ఒడ్డు నుంచి కనిపించకుండా ఉండదు. లేచి కొండెక్కితే చాలు, వాళ్లు వచ్చేసరికి తోటలో ఎవరూ ఉండరు. యేసుకి తప్పించుకోవడం తెలియక కాదు. అంతకుముందు నజరేతులో సొంత ఊరివాళ్లే కొండ అంచు నుంచి తోసేయబోతే, వాళ్ల మధ్యలోంచే నడిచి వెళ్లిపోయాడు. ఆలయంలో రాళ్లెత్తినప్పుడూ తప్పుకున్నాడు. ఈ రాత్రి మాత్రం కదల్లేదు.

అలాగని గుండె దిటవు చేసుకుని, చిరునవ్వుతో కూర్చున్నాడని ఎవరూ రాయలేదు. సాగిలపడ్డాడు. 'తండ్రీ, నీకిష్టమైతే ఈ గిన్నె నా దగ్గర నుంచి తీసెయ్యి' అని వేడుకున్నాడు. గిన్నె అంటే రాబోయే బాధ. చెమట రక్తపు బొట్లలా నేల మీద పడిందని, సువార్తలు అనే యేసు కథలు రాసిన నలుగురిలో ఒకడైన లూకా రాశాడు. 'నాతో కాసేపు మెలకువగా ఉండండి' అని ముగ్గురు స్నేహితుల్ని బతిమాలాడు. వెనక్కి వచ్చి చూసిన ప్రతిసారీ వాళ్లు నిద్రపోతున్నారు. చివరికి 'నా ఇష్టం కాదు, నీ ఇష్టమే' అని లేచి, వచ్చేవాళ్లకు తానే ఎదురెళ్లాడు. శిష్యుడు పేతురు కత్తి దూస్తే ఒరలో పెట్టమన్నాడు.

క్రైస్తవులు ఆ చివరి వారాన్ని అర్థం చేసుకునేది ఇక్కడి నుంచే. ఆయన ప్రాణం ఎవరో లాక్కున్నది కాదు, ఆయనే ఇచ్చాడు. భయం లేక ఇవ్వలేదు, భయపడుతూనే ఇచ్చాడు. ఆ వారంలో ముందు జరిగినవి కూడా మేం ఈ వెలుగులోనే చదువుతాం. మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) నాడు జనం జేజేలు కొడుతుంటే గుర్రం ఎక్కకుండా గాడిదపిల్ల మీద రావడం, ఆలయంలో డబ్బు మార్చేవాళ్ల బల్లలు పడదోయడం, అన్నీ. బేతనియలో ఒకామె మూడు వందల దేనారాల అత్తరు ఆయన మీద కుమ్మరించింది. దేనారమంటే కూలివాడి రోజు కూలి, అంటే దాదాపు ఏడాది సంపాదన. దండగ చేసిందని అందరూ విసుక్కుంటే, 'నా భూస్థాపన కోసం చేసింది, ఊరుకోండి' అన్నాడు. తన చావు గురించి అంత మామూలుగా మాట్లాడాడు.

సరే, ఎందుకు ఇచ్చాడు? పస్కా అంటే యూదుల పూర్వీకులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి బయటపడ్డ రాత్రి గుర్తు. ఆ రాత్రి గొర్రెపిల్ల రక్తం పూసిన గుమ్మాలున్న ఇళ్లను చావు దాటిపోయింది. అదే పండగ పూట యేసు రొట్టె విరిచి 'ఇది మీ కోసం ఇస్తున్న నా శరీరం' అన్నాడు. ఆ గొర్రెపిల్ల తానేనన్నట్టు. దీన్ని వివరించడంలో క్రైస్తవులంతా ఒక్క మాట మీద లేరు. 11వ శతాబ్దపు చివర్లో ఆన్సెల్మ్ అనే పండితుడు, దేవుడి గౌరవానికి మనిషి తీర్చలేని బాకీని ఆయన తీర్చాడన్నాడు. 16వ శతాబ్దపు చర్చి సంస్కర్తలు, మనకు పడాల్సిన శిక్ష ఆయన మీద వేసుకున్నాడన్నారు. మన ప్రాంతపు చర్చిల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. తూర్పు దేశాల ఆర్థడాక్స్ వాళ్లు, చావులోకి దిగి చావునే ఓడించాడని పాడతారు. వాళ్ల పటాల్లో క్రీస్తు పాతాళం తలుపులు తొక్కి నిలబడి మొదటి మనుషులైన ఆదామునీ హవ్వనీ చేతులు పట్టుకుని పైకి లాగుతుంటాడు. నాకు ఆ పటమంటే చాలా ఇష్టం. వీటిలో ఇదొక్కటే సరి అని ఏ విశ్వాస ప్రమాణంలోనూ లేదు, 'మన కొరకు' అని మాత్రం ఉంది.

మీ కోడల్ని అడిగితే ఈ వివరాలేవీ చెప్పకపోవచ్చు. 'నా కోసం చనిపోయాడు అత్తయ్యా' అంటుంది, అంతే. ఎవరి కర్మ వాళ్లే అనుభవించాలని నమ్మే మీకు, ఒకరి పాపం ఇంకొకరు మోయడమనేది మింగుడుపడదు. అది సహజం. ఇక్కడ మీ దారీ ఆమె దారీ నిజంగానే వేరు. రెండూ ఒకటేనని సర్దిచెప్పకండి, ఆ అమ్మాయికి అది తన నమ్మకాన్ని తేలిక చేసినట్టు అనిపిస్తుంది. వేరే అని తెలిసి కూడా పక్కన కూర్చోవచ్చు. మొన్న మీరు చేసింది అదే.

పక్కింటాయన మాటకు మాత్రం గట్టిగానే జవాబు చెప్పాలి. యేసు యూదుడు. ఆయన తల్లి, పన్నెండు మంది శిష్యులు, ఆయన కోసం రొమ్ము కొట్టుకుంటూ వెంట నడిచిన ఆడవాళ్లు, అందరూ యూదులే. ప్రధాన యాజకుడు కయప, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమంది ఆలయ పెద్దలు పట్టించారన్నది నిజం. శిక్ష వేసింది మాత్రం రోమా అధిపతి పొంతి పిలాతు. క్రీ.శ. 26 నుంచి 36 దాకా, యెరూషలేము ఉన్న యూదయ ప్రాంతాన్ని పాలించినవాడు. సముద్రం ఒడ్డున కైసరయలో ఉండేవాడు, పస్కాకి జనం పోటెత్తుతారు కాబట్టి అల్లర్లు జరగకుండా సైన్యంతో యెరూషలేముకు వచ్చాడు. అతని పేరు చెక్కిన రాయి ఒకటి 1961లో కైసరయ తవ్వకాల్లో దొరికింది. సిలువ రోమా శిక్ష. బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసేవాళ్లు, బట్టలూడదీసి, దారిన పోయేవాళ్లకు కనబడేట్టు. ఆయన తల పైన కొట్టిన పలక మీద రాసింది 'యూదుల రాజు' అని, అంటే రాజద్రోహం కింద. చాలామంది చరిత్రకారులు అది క్రీ.శ. 30లోనో 33లోనో జరిగిందంటారు. 'యూదులే చంపారు' అనే మాట పట్టుకుని యూరప్‌లో వందల ఏళ్లు యూదుల్ని హింసించారు, అందులో చర్చికీ పాపముంది. 1965లో కాథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ, ఆ మరణానికి అప్పటి యూదులందర్నీ గానీ ఇప్పటి యూదుల్ని గానీ నిందించడం తగదని స్పష్టంగా ప్రకటించింది. గుడ్ ఫ్రైడే రోజు క్రైస్తవులు వేలు చూపించుకునేది తమ వైపే. పట్టించిన యూదా, ఎరగనని బొంకిన పేతురు, చేతులు కడుక్కున్న పిలాతు – వీళ్లలో నేనెవర్ని అని తమను తామే ప్రశ్నించుకునే రోజది.

ఇప్పుడు 'నన్నెందుకు విడిచిపెట్టావు' అనే ఆ కేక సంగతి. మీరు విన్న మూడు గంటల ఆరాధనలో ఏడు మాటలు ధ్యానిస్తారు, యేసు సిలువ మీద పలికినవి. అవి ఏ ఒక్క సువార్తలోనూ అన్నీ కలిసి లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు. మత్తయి, మార్కుల్లో ఈ కేక ఒక్కటే. మార్కు కథ ప్రకారం యేసు సిలువ మీద పలికినది ఇదొక్క మాటే. ఆయన మాతృభాష అరామిక్‌లోనే దాన్ని అలాగే ఉంచేశారు, చెవిలో పడ్డ ధ్వనిని మర్చిపోలేనట్టు.

అది బైబిల్లోని 22వ కీర్తన మొదటి పంక్తి అని, ఆ కీర్తన చివరికి స్తుతితో ముగుస్తుందని, కాబట్టి అది నిరాశ కాదని కొందరు బోధకులు చెబుతారు. కీర్తన విషయం నిజమే. అయితే అంత తొందరగా ఆ కేకను దాటేయడం నాకు నచ్చదు. ఒంటి మీద మేకులతో, మిత్రులు పారిపోయి, చూసేవాళ్లు ఎగతాళి చేస్తుంటే మనిషి అరిచిన అరుపది. క్రైస్తవుల నమ్మకం ప్రకారం యేసు దేవుడే కాదు, సంపూర్ణంగా మనిషి కూడా. మనిషిగా పుట్టి మనిషి పడే బాధల్లో అట్టడుగుది, దేవుడు కూడా నన్ను వదిలేశాడనిపించే బాధ, పడకుండా వెళ్లిపోయి ఉంటే 'నా కోసం' అనే మాటకు అర్థం ఉండేది కాదు. అంత చీకట్లో కూడా 'నా దేవా' అనే పిలిచాడు, గమనించండి. అయితే ఓడిపోయాడా అనిపించవచ్చు. ఆ క్షణంలో చూసేవాళ్లందరికీ అలాగే కనిపించింది, శిష్యులతో సహా. క్రైస్తవులు దాన్ని దాచలేదు, తమ గ్రంథంలోనే రాసుకున్నారు.

ఏడాది, రెండేళ్ల కింద తండ్రిని పోగొట్టుకున్న పిల్ల ఆ మాట దగ్గర ఎందుకు ఏడ్చిందో మీకే తెలిసిపోయి ఉంటుంది. మీరు ఓదార్చలేదని బాధపడకండి. ఆ ఏడుపు ఆపాల్సింది కాదు. నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే ఆమె యెరూషలేముకు యాత్ర వెళ్లి, అక్కడ ఈ వారం ఎలా జరిపేవాళ్లో రాసిపెట్టింది. గెత్సేమనేలో యేసును పట్టుకున్న ఘట్టం చదువుతుంటే జనం ఏడ్చే ఏడుపు దాదాపు ఊరిదాకా వినబడేదట. కోడలు ఒక్కతే అలా ఏడ్చిందనుకోకండి.

మూడు రోజుల లెక్క తేలిక. మనవైపు చిన్నదినం లెక్కపెట్టేటప్పుడు పోయిన రోజును కూడా కలుపుకుంటాం కదా, యూదులదీ అదే పద్ధతి. పైగా వాళ్లకు సూర్యాస్తమయంతో రోజు మారుతుంది. శుక్రవారం పొద్దుగూకకముందు సమాధి చేశారు, అదొక రోజు. శనివారం విశ్రాంతి దినం, రెండోది. శనివారం పొద్దుగూకాక మూడో రోజు మొదలైంది. 'మూడో నాడు' అనే సువార్తలు ఎక్కువగా చెబుతాయి.

శనివారం పని చేయకూడదు కాబట్టే సుగంధ ద్రవ్యాలు పూయడం మిగిలిపోయింది. అందుకని ఆదివారం ఇంకా చీకటుండగానే ఆడవాళ్లు సమాధి దగ్గరికి బయల్దేరారు. మగ శిష్యులు తలుపులు వేసుకుని దాక్కున్నారు. 'ఆ రాయి మన కోసం ఎవరు దొర్లిస్తారు' అనుకుంటూ వెళ్లారని మార్కు రాశాడు. వెళ్లేసరికి రాయి తీసి ఉంది, లోపల దేహం లేదు. పరుగెత్తుకొచ్చి చెబితే శిష్యులకు అవి వెర్రిమాటల్లా అనిపించాయి. ఆ రోజుల్లో ఆడవాళ్ల సాక్ష్యానికి అంత విలువ లేదు. కథ కల్పించేవాళ్లయితే ముందు వరసలో పేతురునో యోహానునో పెట్టేవాళ్లు. నాలుగు సువార్తల్లోనూ మొదట కనిపించే పేరు యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ. యోహాను చెప్పినదాంట్లో ఆమె ఏడుస్తూ ఎదురుగా నిలబడ్డ ఆయన్ని తోటమాలి అనుకుంటుంది. 'మరియా' అని పేరు పెట్టి పిలిచాకే గుర్తుపడుతుంది.

మీ కోడలు నాలుగింటికి లేచి వెళ్లింది ఆ ఆడవాళ్ల దారినే. ఈస్టర్ ముందు మన ఊళ్లలో క్రైస్తవులు సమాధుల చుట్టూ పిచ్చిమొక్కలు పీకించి, సున్నం వేయించి, బంతిపూలూ చామంతులూ పరుస్తారు. తెల్లవారుజామున కుటుంబమంతా కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. మీకది శ్మశానం, మైల. ఆమెకు అది నాన్న నిద్రపోతున్న చోటు. యేసు సమాధి ఖాళీ అయినట్టే ఒకనాడు నాన్న సమాధి కూడా ఖాళీ అవుతుందని ఆ పిల్ల నమ్ముతుంది. ఈస్టర్‌కి ఇంతకంటే పెద్ద అర్థం లేదు, మిగతా పండగంతా దీని మీద కట్టిందే. పండగ పూట అక్కడికి వెళ్లకపోతే ఇంకెప్పుడు వెళ్తుంది?

మీ ఇంటి ఆచారం మీకుంటుంది. వచ్చాక స్నానం చేసి వంటింట్లోకి రమ్మంటే ఆమె ఏమీ అనుకోదు, మంచి మాటగా ముందు రోజే చెప్పండి. గుమ్మంలో ఆపి చెప్పకండి. ఆ రోజు వాళ్ల నాన్నగారు ఎలాంటివారో, ఏం చేసేవారో అడగండి. 'యేసు ఎందుకు తప్పించుకోలేదమ్మా' అని కూడా నిక్షేపంగా అడగండి. తెలుసుకోవాలని అడిగితే నొచ్చుకునే క్రైస్తవుణ్ని నేను చూడలేదు, వాదించడానికి అడిగితేనే ముఖం మాడ్చుకుంటారు. ఆమెకు తెలియనివి ఉంటే ఇద్దరూ కలిసి మార్కు సువార్త 14, 15, 16 అధ్యాయాలు చదవండి, గంట కూడా పట్టదు.

2027లో గుడ్ ఫ్రైడే మార్చి 26న, ఈస్టర్ 28న వస్తాయి. ముందురోజు గురువారం సాయంత్రం ఆరాధన కూడా ఉంటుంది, యేసు శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి అది. శుక్రవారం మూడు గంటలు కూర్చోవడం కష్టమైతే దానికి వెళ్లండి, కొన్ని చర్చిల్లో పాస్టర్‌గారు సంఘస్థుల కాళ్లు కడుగుతారు. ఆ రాత్రి రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. చాలా చర్చిల్లో అవి బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే. అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్తుంటే మీరు వెళ్లాలేమోనని కంగారుపడకండి, మీ చోట మీరు కూర్చోండి. అది అమర్యాద కాదు, వేరే మతం బంధువులు వచ్చినప్పుడు ఎప్పుడూ జరిగేదే.